స్పానిష్ చుట్టరికాల మాటలు: పుస్తకంలో ఒకటి, వీధిలో ఇంకొకటి

గ్వాదలహారా_తెలుగోడు:

అందరికీ నమస్కారం. ప్రాజెక్ట్ పని మీద మెక్సికోలోని గ్వాదలహారాకి వచ్చి ఏడు నెలలయింది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడే యాప్‌లో ఆరు నెలలు స్పానిష్ నేర్చుకున్నాను. పాద్రే అంటే నాన్న, మాద్రే అంటే అమ్మ, తీయో అంటే బాబాయో మామయ్యో, ఎర్మానో అంటే అన్నో తమ్ముడో. ఇవన్నీ మొదటి వారంలోనే వచ్చేశాయి. వీటితో ఇబ్బంది వస్తుందని అసలు అనుకోలేదు.

పోయిన ఆదివారం మా టీమ్‌లో ఒకతను ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మగారు పొసోలే చేశారు. లావు మొక్కజొన్న గింజలు, మాంసం వేసి గంటల తరబడి మరిగించే పులుసు అది. పైన సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి వేసి, నిమ్మకాయ పిండుకుని తింటారు. నా గిన్నె ఖాళీ అయితే చాలు, ఆవిడ అడక్కుండానే మళ్ళీ నింపారు. ఇల్లు వదిలి వచ్చాక అంత కొసరి కొసరి వడ్డించినవాళ్ళు లేరు నాకు.

సోమవారం ఆఫీసులో అందరూ ఉండగా ఆ వంటను మెచ్చుకుందామని అతనితో "తూ మాద్రే..." అని మొదలుపెట్టాను. మీ అమ్మగారు చాలా బాగా వండుతారు అనాలని నా ఉద్దేశం. ఆ రెండు మాటలు బయటికి రాగానే పక్కనున్న ఇద్దరు "ఊఊఊ" అని అరిచారు. నా స్నేహితుడు నవ్వలేదు. తర్వాత కాఫీ దగ్గర, "నీ మనసు నాకు తెలుసు. ఇకమీదట తూ మమా అను" అని మెల్లగా చెప్పాడు. రెండు రోజుల నుంచి మనసు మనసులో లేదు.

ఇలాంటి మాటలు ఇంకేమేం ఉన్నాయో, ఎక్కడ ఎలా అనాలో తెలిసినవాళ్ళు చెప్పండి. పైగా ఇక్కడివాళ్ళు నచ్చినదానికల్లా "కే పాద్రే!" అంటారు. మధ్యలో నాన్న ఎందుకొచ్చాడో అర్థం కాదు.

భాషాబడి:

హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా స్పానిష్ చెబుతున్నాను. ముందుగా ఒక మాట: మీరన్నదాంట్లో వ్యాకరణం తప్పేమీ లేదు. అదే వాక్యం మాద్రిద్‌లో అంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు.

మెక్సికోలో అన్నిటికన్నా ఘోరమైన తిట్టు తల్లి మీద ఉంటుంది. దాని చివర వచ్చే మాటలు ఈ "తూ మాద్రే"నే. అందుకే ఆ రెండూ విడిగా వినబడితే విన్నవాళ్ళు మిగతాది మనసులో పూరించుకుంటారు. తెలుగులో చూడండి. "మీ అమ్మగారు" అంటే మర్యాద. "నీ అమ్మ" అని ఆగారా, గొడవే. వ్యాకరణం ప్రకారం రెండూ ఒకే అర్థం కదా! ఏ భాషలోనైనా అమ్మ మాట దగ్గర జనానికి అంత పట్టింపు ఉంటుంది. మెక్సికోలో యాభై ఏళ్ళ మనిషి కూడా "మి మమా" అనే అంటాడు. మీరూ అలాగే అనండి. చివరి అక్షరం ఒత్తి పలకాలి, మమా. ఒత్తు ముందుకు జరిగి మామ అయితే అది రొమ్ముకు పేరు.

ఇక మాద్రేతో మెక్సికోలో పుట్టిన మాటలు ఒక సంసారమంత ఉన్నాయి. మె బాలె మాద్రే: నాకేం లెక్కలేదు. ని మాద్రేస్: ససేమిరా. ఆస్తా లా మాద్రే: విసిగిపోయాను, లేదా జనంతో కిక్కిరిసింది. మద్రాసో: గట్టి దెబ్బ (మన మద్రాసుకూ దీనికీ సంబంధం లేదు). ఇవన్నీ మోటు మాటలు. విని అర్థం చేసుకోండి, అనొద్దు.

కే పాద్రే మాత్రం ధైర్యంగా అనొచ్చు. "భలే ఉంది!" అని అర్థం. పిల్లలూ అంటారు, టీవీలోనూ అంటారు. ఇంకా ఎక్కువ నచ్చితే పద్రీసిమో. "మెక్సికోలో నాన్న మంచికి, అమ్మ చెడ్డకి" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. "ఆ తోదా మాద్రే" అంటే బ్రహ్మాండం అని. అదీ అమ్మ మాటే, కాకపోతే స్నేహితుల మధ్యే. అదే దేశంలో 1922 నుంచి మే 10న అమ్మల పండగ చేస్తున్నారు. ఏ వారం వచ్చినా తేదీ మారదు.

మాద్రిద్_మాస్టర్స్:

స్పెయిన్ సంగతి నేను చెప్తాను. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి రెండేళ్ళు.

ఇక్కడ "మి మాద్రే" మామూలు మాట. ఆశ్చర్యమొస్తే "మాద్రే మీయా!" అంటారు, అచ్చం మన "అమ్మో!" లాగే. బస్సు తప్పిపోయినా అదే, బిల్లు చూసినా అదే.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టింది తీయో, తీయా. మొదటి వారం మెట్రోలో నా ఎదురుగా ఇద్దరమ్మాయిలు కూర్చున్నారు. ఇద్దరికీ ఇరవై దాటి ఉండవు. ఒకమ్మాయి ఏదో చెబుతోంది, రెండోది ప్రతి వాక్యానికీ "కె ఫుఎర్తె, తీయా" అంటోంది. ఈ చిన్నపిల్ల ఆ పిల్లకి మేనత్త ఎలా అయిందా అని నాలుగు స్టేషన్ల దాకా ఆలోచించాను. తర్వాత తెలిసింది, అది "ఏంటే" "అబ్బ, అవునా వే" లాంటిదని. మగపిల్లలు తీయో అంటారు. "ఉన్ తీయో" అంటే ఎవరో ఒకతను.

ప్రొఫెసర్‌ని అలా పిలవకూడదు. ఇంటి యజమానురాలిని అసలు పిలవకూడదు. ఆడపిల్ల గురించి తీయా పక్కన "బుయెనా" చేర్చారా, అది చూపులతో తినేసే మాట అయిపోతుంది.

ఓరుగల్లు_పోరడు:

అక్కా, అంటే మనం దోస్తుల్ని "మామా" అన్నట్టేనా? మా దగ్గర "కాకా" అని కూడా అంటం. మామ, కాక, తీయో, అన్నీ అమ్మానాన్నల అన్నదమ్ములే కద! నాకైతే ఇది చదివినంక స్పానిష్ మనోళ్ళ భాషే అనిపిస్తున్నది.

మాద్రిద్_మాస్టర్స్:

అదే! నేను మా ఇంట్లోవాళ్ళకి ఇలాగే చెప్పి అర్థం చేయించాను. కాకపోతే తేడా ఒకటుంది. "మామా" మన సినిమాల పుణ్యమా అని తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఈ తీయో మాత్రం స్పెయిన్ సొత్తు. గ్వాదలహారాలో స్నేహితుణ్ణి తీయో అంటే స్పెయిన్ సినిమా చూసి వచ్చావా అంటారు. అక్కడ తీయో అంటే చుట్టమే.

భాషాబడి:

మెక్సికోలో ఆ పని చేసే మాటలు వేరే ఉన్నాయి. ఎర్మానోలోంచి మొదలు తెగిపోయి మిగిలింది మానో. తోబుట్టువు అనే అర్థంలోంచి వచ్చింది కార్నాల్, రక్తం పంచుకున్నవాడు అని. క్వాతే అంటే కవల. అది స్పానిష్ కూడా కాదు, మెక్సికో ఆదివాసుల నావాత్ల్ భాషలోని కోవాత్ల్. ఆ మాటకు పాము అనీ కవల అనీ రెండు అర్థాలు. రెక్కల పాము దేవుడు కెత్సల్‌కోవాత్ల్ పేరు చివర ఉన్నదీ అదే. మీ టీమ్‌మేట్ ఏదో ఒకరోజు మిమ్మల్ని "మి క్వాతే" అంటాడు. అన్నాడంటే మిమ్మల్ని సొంతం చేసుకున్నట్టే.

తీయోకి ఒక లోటుంది. పెదనాన్న, బాబాయ్, మేనమామ, అత్త మొగుడు, అందరూ ఆ ఒక్క మాటలోనే సర్దుకోవాలి. లాటిన్‌లో తండ్రి వైపు వాడికి, తల్లి వైపు వాడికి వేర్వేరు మాటలుండేవి. గ్రీకు నుంచి వచ్చిన ఈ మాట రెండింటినీ మింగేసింది. కజిన్‌లందరికీ వాడే ప్రీమో కూడా అంతే. నా విద్యార్థిని ఒకమ్మాయి తన పెళ్ళి కబురు స్పానిష్‌లో రాస్తూ "ప్రీమోని చేసుకుంటున్నాను" అని రాసింది. బావ అనే మాటలో ఉన్న సరసం, హక్కు, వేళాకోళం ఏవీ అందులోకి రావు. స్పెయిన్‌వాడు చదివితే ఉలిక్కిపడతాడు. మన వరసలు విడమరిచి చెప్పాల్సిందే, ఒక్క మాటలో ఎక్కించలేం.

డాలస్_అమ్మ:

ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. నాకు స్పానిష్ పెద్దగా రాదు. మా పక్కింటావిడది ప్యుయెర్తో రికో. మా బాబుకి మూడేళ్ళప్పుడు వాణ్ణి చూసి "ఆయ్, పాపీ, బెన్ అకా" (ఇటు రా) అనేది. పాపీ అంటే నాన్న అని నాకు తెలుసు. కూలీలు, కుర్రాళ్ళు ఆడవాళ్ళని చూసి మామీ అని ఈలలేస్తారని కూడా విన్నాను. ఇదేంటి, పసివాణ్ణి అలా అంటోంది అనుకుని మొహం ముడుచుకున్నాను.

ఒకరోజు వాడు సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోయింది. నేను లోపల్నుంచి పరిగెత్తుకొచ్చేసరికే ఆవిడ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దెబ్బ మీద ఊదుతూ "యా పాసో, పాపీ, యా పాసో" అంటోంది. సరిగ్గా అదే క్షణంలో నేను "ఏం కాలేదు నాన్నా, ఏం కాలేదు" అంటున్నాను. అప్పుడు తట్టింది. మనమూ కొడుకుని నాన్నా అనే పిలుస్తాం. కూతుర్ని అమ్మా అంటాం. ఆవిడ తన కూతుర్ని మామీ అంటుంది! ఇన్నాళ్ళూ ఇంగ్లీషు లోంచి విన్నాను కాబట్టి తప్పుగా వినబడింది. తెలుగులోంచి వింటే మొదటిరోజే అర్థమయ్యేది.

గోదారి_గట్టు:

డాలస్_అమ్మ గారూ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మా నానమ్మ నన్ను "నాన్నా" అనేది, నేనేమో ఆవిడ మనవరాల్ని. ఆడపిల్లని కూడా.

నాకు ఒక సందేహం. స్పెయిన్ సీరియల్ ఒకటి చూస్తున్నాను. అందులో ఎవరో "నో ఐ తూ తీయా" అన్నారు. కింద "ఇంక దారి లేదు" అని వేశారు. నీ మేనత్త లేదు అంటే దారి లేదని ఎలా అయింది?

భాషాబడి:

దీనికోసమే ఎదురుచూస్తున్నాను! అందులో అత్త లేదు. అది అతుతీయా. పాతకాలంలో కంటి జబ్బులకు పూసే జింకు భస్మం లేపనం. "నో ఐ అతుతీయా", అంటే దీనికి మందు లేదు. ఆ మందు వాడకం పోయాక మాట మాత్రం నిలిచింది, వినేవాళ్ళ చెవిలో "తూ తీయా", నీ అత్త, అయి కూర్చుంది. ఆ మందు పేరు అరబ్బీ తూతియా నుంచి వచ్చింది. దాని వెనక్కి వెళ్తే సంస్కృత తుత్థం తగులుతుంది. మన మైలుతుత్తంలో ఉన్న తుత్తం అదే. స్పెయిన్‌వాడి లేని మేనత్త, మన పచారీ కొట్లో దొరికే నీలం రాయి, రెండూ ఒకే ఇంటి మాటలు. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి దగ్గర గంట మోగినా ఎవరూ లేవరు.

విజయవాడ_దేలె:

దేలె (స్పానిష్ భాషా సర్టిఫికెట్) పరీక్షకి చదువుతున్నాను. నా నోట్సు లోంచి కొన్ని, పనికొస్తాయని.

ఎస్పోసా అంటే భార్య. బహువచనం ఎస్పోసాస్ అంటే భార్యలు, చేతి సంకెళ్ళు కూడా. వార్తల్లో "పోలీసులు అతనికి ఎస్పోసాస్ వేశారు" అని చదివి టెన్షన్ పడకండి.

పద్రాస్త్రో అంటే మారుతండ్రి. గోటి పక్కన లేచి, బట్టకి తగిలినప్పుడల్లా ప్రాణం తీసే తోలు ముక్క కూడా.

పరియెంతేస్ అంటే చుట్టాలు, తల్లిదండ్రులు కారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళంతా ఇక్కడే దొరికిపోతారు. తల్లిదండ్రుల్ని పాద్రేస్ అంటారు.

మాతాసుయెగ్రాస్: పుట్టినరోజు పార్టీల్లో ఊదితే చుట్ట విప్పుకుని ముందుకొచ్చే కాగితం బూర. మాటకు మాట చూస్తే అత్తల్ని చంపేది. అత్తగారి నాలుక అని ఒక మొక్క కూడా ఉంది, నిలువుగా కత్తుల్లా ఆకులుండేది. మనిళ్ళలో కుండీల్లో పెంచుతాం, అదే. అత్తల మీద ఈ కక్ష ఊరూరా ఉన్నట్టుంది.

అబువేలా, అమ్మమ్మ లేదా నానమ్మ. "ఎరమోస్ పోకోస్ ఇ పరియో లా అబువేలా": ఉన్న జనం చాలనట్టు మామ్మ కూడా ప్రసవించింది. కష్టం మీద కష్టం వచ్చినప్పుడు అంటారు. మూలిగే నక్క మీద తాటిపండు అన్నమాట. తనను తానే పొగుడుకునేవాణ్ణి "వీడికి అబువేలా లేదు" అంటారు. పొగడ్డానికి మామ్మ లేదు కాబట్టి తనే ఆ పని చేసుకుంటున్నాడని. నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం.

ఓరుగల్లు_పోరడు:

బామ్మర్దికి ఏమంటరు?

మాద్రిద్_మాస్టర్స్:

కున్యాదో. ఇక్కడ అదొక తిట్టులా అయింది. పండగ భోజనాల దగ్గర కూర్చుని, కారు నుంచి రాజకీయం దాకా అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడి, "నువ్వు కొన్నదానికన్నా నేనైతే సగం ధరకి తెచ్చేవాణ్ణి" అనే మనిషిని కున్యాదో అంటారు. నిజంగా బావమరిది కానక్కర్లేదు. మన దగ్గర బావమరిది బతుకు కోరేవాడు, ఇక్కడ పాపం ఇలా అయ్యాడు. ప్రీమో కూడా అంతే. ఇక్కడ "అథేర్ ఎల్ ప్రీమో" అంటే అమాయకంగా మోసపోవడం. అయితే స్పెయిన్‌లో హితానోలు (అక్కడి రోమా జనం) ఒకరినొకరు ప్రీమో అని ఎంతో ఆప్యాయంగా పిలుచుకుంటారు. ఒక్క మాట, రెండు గుమ్మాలు.

గోదారి_గట్టు:

వియ్యంకుడికి మాటుందా? ఇంగ్లీషులో లేక, మా అమ్మాయి పెళ్ళిలో వాళ్ళ ఆఫీసువాళ్ళకి వియ్యపురాల్ని పరిచయం చేయడానికి నానా తంటాలు పడ్డాను.

భాషాబడి:

ఉంది! కొన్‌సుయెగ్రో, కొన్‌సుయెగ్రా. వియ్యంకుడు, వియ్యపురాలు. కొన్‌కున్యాదో అంటే తోడల్లుడు, కొన్‌కున్యాదా అంటే తోడికోడలు. "కొన్" అంటే తోడు. తోడల్లుడులో ఉన్న తోడే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు ఈ మాటల దగ్గర అర పేజీ వివరణ చదువుకోవాలి. తెలుగు పిల్లలకి ఒక్క మాట చాలు. అల్లుళ్ళకి పదవులు కట్టబెట్టే రాజ్యాన్ని యెర్నోక్రాసియా అంటారు, అల్లుళ్ళ పాలన అని. మనకి అల్లుడు పదో గ్రహం కదా, ఇదీ అర్థమవుతుంది.

బొగోతా_బాట:

నేను వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. "అనొద్దు, విని ఊరుకోండి" అంటే స్నేహాలు ఎలా కలుస్తాయి? మెక్సికోలోనే రెండేళ్ళున్నాను. ఆ మోటు మాటలు నేర్చాకే నన్ను తమవాడిగా చూశారు. మర్యాద స్పానిష్ మాట్లాడినన్నాళ్ళూ అతిథిగానే ఉంచారు.

భాషాబడి:

మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆ మాటలు మీరు పుస్తకం చూసి అనలేదు, వాళ్ళతో తిరిగి, వాళ్ళ నోట విని అన్నారు. నా భయం వేరే. వీడియో చూసి పది మాటలు బట్టీపట్టి, మర్నాడు మేనేజర్ ముందు వాడేవాళ్ళని చూశాను. ఒక పిల్లాడు బ్వేనోస్ ఐరెస్ వాళ్ళ పాఠాలు విని "మి వియెహా" అంటే మా అమ్మ అని నేర్చుకున్నాడు. వియెహా అంటే ముసలిది, అర్జెంటీనాలో ముద్దుగా అమ్మని అలా అంటారు, "మా ముసలాళ్ళు" అన్నట్టు. వాడు మెక్సికోవాళ్ళతో ఇంటర్వ్యూలో "నేను మి వియెహాతో ఉంటున్నాను" అన్నాడు. అక్కడ అది పెళ్ళాం, మోటుగా. పెళ్ళి కాలేదని రాశావు కదా అని అడిగారట. ఏడుపుమొహంతో వచ్చాడు నా దగ్గరికి. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ దేశంలో అన్నారు, ఈ మూడూ పక్కన రాసుకోకుండా ఏ చుట్టరికం మాటనీ నోట్సులో ఎక్కించుకోవద్దని అప్పట్నుంచీ పిల్లలందరికీ చెబుతున్నాను.

బొగోతా_బాట:

ఇది ఒప్పుకుంటాను.

గ్వాదలహారా_తెలుగోడు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇవాళ ఆదివారం, మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా తీసుకెళ్ళాను. తలుపు తీసింది ఆవిడే. ముందే అనుకుని వెళ్ళినట్టు "సెన్యోరా, ఆ రోజు పొసోలే చాలా బాగుంది, మా మమా ఇవి మీకోసం పంపింది" అన్నాను. ఆవిడ ఒక సున్నుండ కొరికి, కళ్ళు మూసుకుని, "కే రీకో, మీహో" అంది. మీహో అంటే మి ఈహో, నా కొడుకా అని కదా? అన్నం పెట్టేటప్పుడు తన కొడుకుని కూడా మీహో అనే పిలిచింది. పిలిచిన ప్రతిసారీ మేమిద్దరం ఒకేసారి తలెత్తాం.

ఒక్కటే సందేహం మిగిలింది. ఎప్పుడూ సెన్యోరా అంటే మరీ దూరంగా ఉంటుందేమో, తీయా అనొచ్చా? మన దగ్గరైతే పిన్నీ అనో అత్తా అనో అనేవాణ్ణి.

భాషాబడి:

అవును, మీహో అంటే బిడ్డా అన్నట్టు. తీయా మాత్రం మీరుగా మొదలుపెట్టకండి, ఆవిడ అనమంటే అనండి. ప్రస్తుతానికి పేరు ముందు "దోన్యా" చేర్చి పిలవండి, ఊస్తెద్ వాడండి, మన మీరు లాగా. సున్నుండలు ఎలా చేయాలో స్పానిష్‌లో రాసి పెట్టనా? ఆవిడ తప్పకుండా అడుగుతుంది.

గ్వాదలహారా_తెలుగోడు:

అడిగేసింది. మినుములకి ఏమనాలో తెలియక ఆగిపోయాను. రాయండి మాస్టారూ.